పోతే నాబ్ పోవాలి

బేస్ గిటార్ మీద నాబ్ బిగుసుకుపోతే చాలామంది చెయ్యి స్క్రూడ్రైవర్ మీదికే వెళ్తుంది. నాబ్ కింద దూర్చి ఒక పక్క నుంచి ఎగదన్నుతారు. నాబ్ వస్తుంది సరే, దాంతోపాటు పూత మీద ఒక గుంట, లోపల వంకరపోయిన షాఫ్ట్ కూడా మిగులుతాయి. దీన్ని ఓపిక లేకపోవడం అంటారుగానీ, నాకది లెక్క తప్పడంలా కనిపిస్తుంది. పని మొదలుపెట్టక ముందే ఏది పోయినా పర్వాలేదో తేల్చుకోవాలి. మొదట పోవలసింది నాబ్. తప్పకపోతే దాని కింది పాట్, అంటే శబ్దాన్ని పెంచి తగ్గించే పొటెన్షియోమీటర్. చెక్క జోలికి, దాని పూత జోలికి అసలు వెళ్లకూడదు. స్క్రూడ్రైవర్ పట్టినవాళ్లు ఈ వరసను తలకిందులు చేసి, అన్నిటికన్నా చవకైనదాన్ని కాపాడటానికి ఖరీదైనవాటిని పణంగా పెడతారు.

పాట్ కట్టుబడి చూస్తే సంగతి అర్థమవుతుంది. షాఫ్ట్ చివర ఉండే చిన్న లోహపు నాలుక గుండ్రటి కార్బన్ పట్టీ మీద జరుగుతుంటుంది. పైన రేకు డబ్బాను నాలుగు సన్నని రేకు చెవులు వంచి బిగించి ఉంటారు. ఇదంతా తిప్పడానికి చేసిన అమరిక, ఒక పక్కకు లాగితే తట్టుకోదు. అందుకే పాత గుడ్డ పేలికనో బూటు లేసునో నాబ్ కింద చుట్టూ తిప్పి, రెండు కొసలూ పట్టుకుని నిటారుగా లాగడం మేలు. బలం అన్ని వైపులా సమంగా పడుతుంది.

అయితే లాగే ముందు ఆ నాబ్ ఏ జాతిదో చూడాలి. చాలా లోహపు నాబ్‌ల పక్కన చిన్న రంధ్రంలో ఒక స్క్రూ ఉంటుంది. అది వదులవకుండా ఎంత లాగినా దండగే. చెమటలోని ఉప్పు తిని ఆ స్క్రూ తుప్పు పడుతుంది, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇంకా త్వరగా. దానికి తోడు కొలతల గొడవ. 1/16 అంగుళం అంటే 1.59 మిల్లీమీటర్లు. అందులో 1.5 మిల్లీమీటర్ల అలెన్ కీ దూరుతుంది, తిప్పితే జారుతుంది, నాలుగుసార్లు జారితే స్క్రూ మూలలు అరిగిపోతాయి. సరైన కీ దొరికేదాకా ఆగడం కన్నా పెద్ద ఉపాయం లేదు. అప్పటికీ కదలకపోతే టంకం వేసే ఐరన్ మొనతో స్క్రూను కాసేపు వేడి చేస్తే తుప్పు పట్టు వదలొచ్చు (ప్లాస్టిక్ నాబ్ అయితే ఆ ఊసే వద్దు). తుప్పు వదిలించే నూనెను సూది మొనతో ఒక్క చుక్క వేస్తే చాలు. స్ప్రే కొడితే అది షాఫ్ట్ వెంట జారి కార్బన్ పట్టీని చేరుతుంది. ఇవేవీ ఫలించకపోతే చుట్టూ టేపు అంటించి, నాబ్‌ను కోసెయ్యడమే. పికప్‌లను కూడా కప్పాలి. వాటిలో అయస్కాంతాలుంటాయి, ఉక్కు పొడి వాటికి అంటుకుంటే వదిలించడం నరకం.

పాత వాయిద్యం విషయంలో ఇది చెల్లదనే వాదన ఉంది. 1960ల నాటి అసలు నాబ్‌ను కోస్తే విలువ పడిపోతుంది కదా? పడిపోతుంది, నిజమే. కానీ పాట్ చెడితే పోయేది అంతకన్నా ఎక్కువ. ఆనాటి అమెరికన్ పాట్‌ల డబ్బా మీద ఒక సంఖ్య అచ్చు వేసి ఉంటుంది. 1376632 అని ఉంటే 137 అంటే సీటీఎస్ కంపెనీ, 66 అంటే 1966, 32 అంటే ఆ ఏడాది 32వ వారం. వాయిద్యం అంతకు ముందుది కాదని చెప్పే సాక్ష్యమది. దాని మీది పాత టంకం ఎవరి చెయ్యీ పడలేదనడానికి ఇంకో సాక్ష్యం. నాబ్‌లో ఈ రెండూ లేవు. నాబ్ కూడా దక్కాలంటే దారి ఒక్కటే, నిపుణుడి చేతికివ్వడం. స్క్రూడ్రైవర్ మాత్రం దారి కాదు.

ఇంకొందరు, శబ్దం బాగానే ఉన్నప్పుడు కదిలించడమెందుకంటారు. నాబ్ తిరుగుతూ ఊడి రాకపోవడం మాత్రమే సమస్య అయితే నేనూ అదే అంటాను. తిరగడమే ఆగిపోతే సంగతి వేరు. అప్పుడు నాబ్ తన కింద బేస్ మీద బిగించిన రేకుకు ఒరుసుకుంటోందా, పాటే పట్టేసిందా అన్నది నాబ్ తీస్తేగానీ తెలియదు. పాట్ పోయిందని తేలితే కొత్తది కొనేటప్పుడు షాఫ్ట్ కొలవాలి. స్క్రూ నాబ్‌లు ఎక్కువగా 6.35 మిల్లీమీటర్ల గుండ్రటి షాఫ్ట్‌కు చేసినవి. నొక్కితే కూర్చునే రకానికి గాళ్లు పడి, నడిమికి చీలి ఉన్న 6 మిల్లీమీటర్ల షాఫ్ట్ కావాలి. మొదటి రకం నాబ్‌ను రెండో రకం షాఫ్ట్ మీద బిగిస్తే చీలిక మూసుకుపోయి నాబ్ ఒరుగుతుంది. కొత్త నాబ్ బిగించేటప్పుడు కింద ఒక విజిటింగ్ కార్డు పెట్టి, స్క్రూ బిగిశాక లాగెయ్యాలి. ఆ సందు ఉంటే నాబ్ రేకుకు ఒరుసుకోదు, తర్వాత ఎప్పుడైనా తీయాల్సి వస్తే బూటు లేసు దూరడానికీ చోటుంటుంది.