పికాసో దశలు: నీలిరంగుకూ గెర్నికాకూ మధ్య

పికాసో ప్రసక్తి వచ్చినప్పుడు అభ్యుదయ విమర్శలో తరచు ఒక అలవాటు కనిపిస్తుంది. నీలి దశలోని బిచ్చగాళ్ళనూ అంధులనూ చూపించి మెచ్చుకుంటాం. అక్కడినుంచి ఒక్క గంతులో 1937 నాటి 'గెర్నికా' ముందు వాలతాం. నడుమ 1907 నుంచి 1914 దాకా సాగిన క్యూబిజాన్ని మాత్రం రూపవాదమని ఒక్క మాటతో తేల్చేస్తాం. దారితప్పిన కళాకారుడు తిరిగి ప్రజల్లోకి వచ్చిన కథ మనకు నచ్చుతుంది. కాని చిత్రాలు ఆ కథ చెప్పడం లేదు.

నీలి దశనే తీసుకుందాం. 1901 ఫిబ్రవరిలో మిత్రుడు కాసాజెమాస్ పారిస్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ దుఃఖం నుంచీ, సెయింట్ లజార్ స్త్రీల జైలు ఆసుపత్రిలో చూసిన ముఖాల నుంచీ ఈ చిత్రాలు పుట్టాయి. వీటిలోని కరుణను ఎవరూ కాదనరు. అయితే 'ముసలి గిటారు వాద్యకుడు'లో దారిద్య్రం ఎక్కడినుంచి వచ్చింది? దానికి చరిత్ర లేదు, కారణం లేదు. ఎల్ గ్రెకో గీసిన సాధువుల్లా పొడవుగా సాగిన ఆ శరీరం పేదరికాన్ని దాదాపు పవిత్రం చేస్తుంది. వస్తువు పేదవాడైనంత మాత్రాన దృష్టి అభ్యుదయ దృష్టి అయిపోదు. గులాబి దశలోని సర్కస్ మనుషుల్లో ఈ విషాదమే కాస్త వెచ్చబడింది, అంతే.

అసలు మలుపు 1906లో వచ్చింది. గెర్ట్రూడ్ స్టైన్‌ను ఎన్నోసార్లు ఎదుట కూర్చోబెట్టుకుని చిత్రించిన పికాసో ఆమె ముఖాన్ని తుడిచేశాడు. కొన్నాళ్ళ తర్వాత, ఆమె ఎదుట లేకుండానే, ముసుగులాంటి ముఖం వేశాడు. కంటికి కనిపించిందే సత్యమన్న నమ్మకం అక్కడ సడలింది. 1907 నాటి 'అవిన్యోన్ యువతులు'లో అది బద్దలైంది. వేశ్యాగృహంలోని అయిదుగురు స్త్రీలు ఆ చిత్రంలో చూసేవాడి కంటికి విందు చెయ్యరు, ఎదురు తిరిగి చూస్తారు. కుడివైపున ఉన్న ఇద్దరి ముఖాల వెనుక పారిస్‌లోని ట్రొకడేరో మ్యూజియంలో చూసిన ఆఫ్రికా ముసుగులున్నాయని విమర్శకులు చెబుతారు. ఆ ముసుగులను అక్కడికి చేర్చింది ఫ్రెంచి వలసపాలన. వాటిని చెక్కిన శిల్పుల పేర్లు మాత్రం క్యూబిజం చరిత్రకు ఎక్కలేదు. ఈ రుణం గురించి మాట్లాడకుండా రూపవాదమని దండించడం సులువైన పని.

క్యూబిజం ఒక్కడి ప్రతిభ కాదు. 1906లో మరణించిన సెజాన్ దానికి పునాది. 1908లో బ్రాక్ వేసిన లెస్టాక్ దృశ్యాలను చూసి వోసెల్ అనే విమర్శకుడు అన్నీ క్యూబులేనని ఎద్దేవా చేస్తే, ఆ ఎగతాళే పేరుగా నిలిచింది. 1910 నాటి కాన్‌వైలర్ చిత్రంలో మనిషి దాదాపు కరిగిపోయాడు. జోడించిన చేతులు, గడియారపు గొలుసు, జుట్టు అలలు మిగిలాయి. ఈ దశ కళను కొద్దిమంది కొనుగోలుదార్ల గదుల్లోకి తీసుకుపోయిన మాట నిజం. అయితే ఒకేచోట కదలకుండా నిలబడి లోకాన్నంతా తన కంటికింద అమర్చుకునే ప్రేక్షకుడికి నాలుగు వందల ఏళ్ళుగా ఉన్న పెత్తనం పోయిందీ ఇక్కడే.

ఆ తర్వాత జరిగినదాన్ని మనవాళ్ళు ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు. బ్రాక్ ఇళ్ళకు రంగులు వేసే వృత్తి కుటుంబంలో పుట్టి, ఆ పనే నేర్చినవాడు. చవక చెక్కమీద ఖరీదైన కలప గీతలు తెప్పించే మేస్త్రీల దువ్వెనను, బోర్డులు రాసేవాళ్ళ అచ్చు అక్షరాలను అతడు చిత్రకళలోకి తెచ్చాడు. శ్రామికుడి పనితనం 'ఉన్నత కళ' గడప దాటింది. 1912 మేలో పికాసో పేము అల్లిక ముద్రించిన ఆయిల్‌క్లాత్ ముక్కను కేన్వాసుకు అతికించి, చుట్టూ తాడు బిగించాడు. ఆ సెప్టెంబరులో బ్రాక్ గోడకాగితం అతికించాడు. పికాసో దినపత్రిక ముక్కలను అందుకున్నాడు. వాటిలో కొన్నింటిమీద బాల్కన్ యుద్ధ వార్తలున్నాయి. చదవడానికే అతికించాడా, నలుపు తెలుపుల కోసమా అని పండితులు వాదించుకుంటూనే ఉన్నారు. ఎలా చూసినా, సీసా, గ్లాసు, గిటారు ఉన్న బల్లమీదికి యుద్ధం వచ్చి కూర్చుంది.

1914లో ఆ యుద్ధమే యూరపునంతా చుట్టుముట్టింది. బ్రాక్ సైన్యంలోకి వెళ్ళి మరుసటి ఏడాది తలకు గాయం తగిలించుకున్నాడు. కాన్‌వైలర్ జర్మన్ పౌరుడు కావడంతో అతని సరుకును ఫ్రెంచి ప్రభుత్వం స్వాధీనం చేసుకుని, 1921-23లో వేలం వేసింది.

ఇప్పుడు 'గెర్నికా' ముందుకు వద్దాం. 1937 ఏప్రిల్ 26న ఫ్రాంకో పక్షాన వచ్చిన జర్మన్, ఇటాలియన్ విమానాలు ఆ బాస్కు పట్టణంమీద బాంబులు కురిపించాయి. ఇరవై అయిదడుగులకు పైగా వెడల్పున్న ఆ చిత్రంలో నీలి దశ కరుణ ఎక్కడా కనిపించదు. చచ్చిన బిడ్డను ఎత్తుకున్న తల్లి తల వెనక్కి వాలింది, రెండు కళ్ళూ ముఖానికి ఒకేవైపున ఉన్నాయి. గది లోపలా వెలుపలా ఒకేసారి కనిపిస్తాయి. రంగులన్నీ వార్తాపత్రిక రంగులే. నడుమ అరుస్తున్న గుర్రం ఒంటినిండా వరసలు వరసలుగా పొట్టి గీతలున్నాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే అవి 1912లో కత్తిరించి అతికించిన దినపత్రికలోని అచ్చులాగే ఉంటాయి.