రక్తం కనిపించని గాయం

రోడ్డు ప్రమాదమైతే జనం తల పగిలినవాడి చుట్టూ మూగుతారు. 108 అంబులెన్స్ టెక్నీషియన్ మాత్రం పక్కన అలికిడి లేకుండా పడున్నవాణ్ని కూడా చూస్తాడు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఈ సేవలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ చూపే.

చొక్కా కత్తిరించి ఛాతీ చూస్తాడు. ఒకవైపు కదలిక తగ్గి, మెడ నరాలు ఉబ్బి, ఊపిరందక బీపీ పడిపోతోందంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి బిగిసిందేమోనని అనుమానం. అప్పుడు ఎక్స్‌రే కోసం ఆగకూడదు. ఆసుపత్రికి చేర్చగానే క్యాజువాలిటీ డాక్టరు సూది గుచ్చి ఆ గాలిని వదిలిస్తారు, తర్వాత గొట్టం వేస్తారు.

పొట్ట ఇంకా మోసకారి. బైక్ హ్యాండిల్ గుద్దుకున్న కుర్రాడు "నాకేం కాలేదన్నా" అంటాడు. పైన చూస్తే చిన్న కమిలిన మచ్చ. కానీ నాడి వేగంగా కొట్టుకుంటోంది, చల్లటి చెమట, దెబ్బే తగలని ఎడమ భుజంలో నొప్పి. ప్లీహం చిట్లి లోపల రక్తం కారుతోందేమోనని అప్పుడే అనుమానించేవాడు అసలైన పనిమంతుడు. బీపీ బాగుందని ఊరుకోడు. వయసులో ఉన్న ఒళ్లు చాలాసేపు బీపీని నిలబెట్టుకొస్తుంది.

మీ కళ్లెదుట ప్రమాదం జరిగితే నీళ్లు తాగించకండి, ఒంట్లో గుచ్చుకున్నది పీకకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.