కంట్రీ సంగీతము - వర్ణభేదము

అమెరికా దేశమున కంట్రీ సంగీత మను పేర బరగు గానము తెల్లవారి సొత్తని పలువురు తలంచుచున్నారు. ఇది చెవితో విని చేసిన నిర్ణయము గాదనియు, అంగడివారి పట్టికను జూచి చేసినదనియు మా యభిప్రాయము. 1920వ దశకమున గ్రామఫోను కంపెనీలవారు దక్షిణ రాష్ట్రముల పాటలను రెండుగా విడదీసిరి. నల్లవారు పాడినవి 'రేస్' రికార్డులు. తెల్లవారు పాడినవి 'హిల్‌బిల్లీ' రికార్డులు. పాట యొకటే యైనను మేనిచాయను బట్టి పట్టిక మారుచుండెను. ఆ తెల్లవారు మీటిన బాంజోయో, ఆఫ్రికానుండి తేబడిన బానిసలు తమ దేశపు వాద్యముల పోలికను జేసికొన్నదే గదా!

డిఫోర్డ్ బెయిలీ టెనెసీ రాష్ట్రపు నల్లజాతివాడు. బాల్యమున పోలియో సోకి దేహ మెదుగలేదు. 1927లో హార్మోనికాపై నాతడు వాయించిన 'పాన్ అమెరికన్ బ్లూస్' రికార్డును మేము పలుమారు వింటిమి. అందు మాటలు లేవు. రైలు కూత వినవచ్చును. చక్రముల లయ అంతకంతకు హెచ్చును. జానెడైనను లేని వాద్యమునుండి యింత యినుము కదలివచ్చుట యాశ్చర్యము. దీనిని నల్లపాట యనవలెనా, పల్లెపాట యనవలెనా? రైలుకట్ట చెంత బెరిగిన యే పల్లెవాడైనను ఇది తనదే యనును. ఆ యేటనే నాష్‌విల్ రేడియోలో బెయిలీ దీనిని వాయించి ముగింపగా, నిర్వాహకుడగు జార్జి హే తమ కార్యక్రమమునకు 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' యని పేరిడెను. నేటికిని అదియే పేరు.

పేరు నిలిచెను, వాదకుడు నిలువలేదు. యాత్రలలో తోడివారు భుజించిన పూటకూళ్ళ యిండ్ల నాతనికి బల్లవద్ద చోటీయరైరి. 1941లో పాటల హక్కులకై తగవు పుట్టి, రేడియోవా రొక సంఘపు పాటలను మానివేసిరి. బెయిలీ ప్రసిద్ధ గీతములును అందులోనివే. ఆ యేటనే యాతనిని తొలగించిరి. క్రొత్తవి నేర్వని సోమరి యని హే 1945లో వ్రాసెను. ఇతరజాతులందును అట్టివారు కలరని యొక మాట చేర్చినను, ఆ సోమరితనమును జాతితో ముడిపెట్టకుండ నుండలేకపోయెను. పదునైదేండ్లు రైలుకూతకే చప్పట్లు చరచినవారి మాట యిది! బెయిలీ బూట్లకు మెరుగుపెట్టు అంగడి నడిపికొని, 1982లో మరణించెను. కంట్రీ సంగీత కీర్తిమందిరమున నాతని పేరు 2005లోగాని చేరలేదు.

1966లో చార్లీ ప్రైడ్ తొలి రికార్డును రేడియోవారికి ఛాయాచిత్రము లేకుండ పంపిరి. చెవి యొప్పినదానిని కన్ను ద్రోసివేయునని కంపెనీవారి భయము.

2019లో లిల్ నాస్ ఎక్స్ అను నల్లజాతి యువకుని 'ఓల్డ్ టౌన్ రోడ్' పాటను బిల్‌బోర్డ్ పత్రికవారు కంట్రీ పట్టికలో జేర్చి, నేటి కంట్రీ లక్షణములు చాలవని పిమ్మట తీసివేసిరి. ఆ పాటలో వినబడు తంత్రీనాదము బాంజోదే.