ఇసుక ఆగిపోయే చోటు

పొరలు గోపురంలా ఉబ్బిన చోట చమురు వెతకడం చాలావరకు కంటి పని. సీస్మిక్ సెక్షన్‌లో ఉబ్బు కనిపిస్తుంది, దాని నెత్తిన బావి వేస్తారు. నా మనసు మాత్రం స్ట్రాటిగ్రఫిక్ ట్రాప్‌ల మీదే. వాలుగా పైకి ఎక్కుతున్న ఇసుకరాయి పొర పలచబడి, ఎక్కడో చమురును కదలనివ్వని షేల్‌లో ఆగిపోతుంది. దాని వెంట పైకి పాకిన చమురు అక్కడ చిక్కుకుంటుంది. చూడటానికి ఆకారమేదీ ఉండదు. ఆ ఇసుకను ఏ నది తెచ్చిందో, ఎక్కడ వదిలేసిందో ముందు తెలియాలి.

1930 అక్టోబరులో తూర్పు టెక్సాస్‌లో డెబ్బై ఏళ్ల కొలంబస్ జాయినర్ బావిలో చమురు పడింది. గోపురం లేదని పెద్ద కంపెనీలు వదిలేసిన నేల అది. నిజంగానే లేదు. వుడ్‌బైన్ ఇసుకరాయి తూర్పున సబీన్ ఎత్తు వైపు ఎక్కుతూ కోతకు గురై అంతమైంది. పైన ఆస్టిన్ సున్నపురాయి పరుచుకుని మూసేసింది. ఆ అంచు వెంట ఇప్పటిదాకా 500 కోట్ల బ్యారెళ్లకు పైగా తోడారు!

మన కృష్ణా–గోదావరి బేసిన్‌లో, కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో 2002లో దొరికిన గ్యాస్ కూడా ఇలాంటిదే. సముద్రగర్భపు పాత కాలువల్లో పేరుకున్న ఇసుకలో ఉంది. గ్యాస్ నిండిన ఇసుక సీస్మిక్‌లో మెరుస్తుంది. ఆ మెరుపును అతిగా నమ్మకూడదని నా గట్టి అభిప్రాయం. కొద్దిపాటి గ్యాస్ ఉన్నా దాదాపు అంతే మెరుపు వస్తుంది. ఒక కాలువకూ పక్క కాలువకూ లంకె ఉందో లేదో మెరుపు చెప్పదు, బావిలో కొలిచిన పీడనం చెబుతుంది. 2009లో మొదలైన అక్కడి డీ1, డీ3 క్షేత్రాల ఉత్పత్తి 2020లో ఆగింది. కారణాల మీద పెద్ద వాదనే నడిచింది.

అందుకే నేను మెరుపుల మ్యాపు పక్కన పెట్టి, విఫలమైన బావుల లాగ్‌లతో మొదలుపెడతాను. ఒకదాంట్లో మంచి ఇసుక ఉంది, నీళ్లే పడ్డాయి. వాలులో దానికి పైనున్న రెండోదాంట్లో ఇసుకే లేదు, అంతా షేల్. విడివిడిగా చూస్తే రెండూ నష్టాలే. కలిపి చూస్తే, ఇసుక ఆ రెంటి మధ్య ఎక్కడో ఆగింది. కింది బావి తవ్వినప్పుడు పైకొచ్చిన రాతి ముక్కల్లో, అంటే కటింగ్స్‌లో చమురు మరక కనబడిందా, ఇక నాకు ఆ రాత్రి నిద్ర పట్టదు.

తర్వాతి ప్రశ్న మూత గురించి. పైనున్న షేల్‌ను అందరూ చూస్తారు. కింది పొర మాటేమిటి? అక్కడ కూడా ఇసుకే ఉంటే చమురు దాని గుండా ఎప్పుడో తప్పించుకుపోయి ఉంటుంది.