ఎర్రదీపం – ముల్లు

కొన్ని వస్తువులు సంగతి చెప్తాయి. కొన్ని సంగతంతా అయిపోయాక కబురు పెడతాయి. పాత కార్లలో ఇంజన్ వేడెక్కిందని చెప్పే ఎర్రదీపం ఈ రెండో జాతిది. ఇంగ్లీషువాళ్లు దీనికి ముద్దుగా ‘మూర్ఖుల దీపం’ అని పేరు పెట్టారు. ఆ మూర్ఖులెవరో వేరే చెప్పాలా? స్టీరింగు ముందు కూర్చున్న మనమే!

పాతికేళ్లు దాటిన మా కారుకి పోయిన వేసవిలో బజార్లో కొన్న టెంపరేచర్ మీటరొకటి బిగించారు. వెడల్పు 52 మిల్లీమీటర్లు. కుంకుమ భరిణె మూతంత ఉంటుంది. “దీపం ఉందిగా, మళ్లీ ఇదెందుకూ?” అన్నారు మావారు. అడగవలసిన ప్రశ్నే.

దీపానికి రెండే మాటలు వచ్చు: బాగుంది, బాగులేదు. మధ్యలో నడిచే కథ దానికి అక్కర్లేదు. ముల్లు అలా కాదు. ఇంజన్‌లో థర్మోస్టాట్ సాధారణంగా 80, 90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. ముల్లు నింపాదిగా అక్కడిదాకా ఎక్కి నిలబడుతుంది. ఘాట్ రోడ్డెక్కితే కాస్త పైకి పోతుంది. నెల్లాళ్లు చూస్తే పిల్లల మొహంలా దాని తీరు మనకి తెలిసిపోతుంది. రోజూ 85 దగ్గరుండేది ఇవాళ 95 అంటోందంటే, నీళ్లో ఫ్యాను బెల్టో చూసుకోమని అర్థం. ఒళ్లు వెచ్చబడినప్పుడే నుదుటిమీద చెయ్యి వేసి చూడ్డం వేరు, ఫిట్స్ వచ్చాక డాక్టరు దగ్గరికి పరుగెత్తడం వేరు.

అలాగని ముల్లునీ నెత్తిన పెట్టుకోను. దాని నిజాయితీ అంతా బిగించడంలో ఉంది. ఇంజన్ వైపునుంచి వైరు లోపలికొచ్చే కన్నానికి రబ్బరు తొడుగు వెయ్యకపోతే రేకు అంచు వైరుని కోసేస్తుంది, షార్టవుతుంది. ఎర్తు సరిగా లేకపోతే ముల్లు తప్పు చెప్తుంది. అసలు మోసం ఇంకోటుంది. సెన్సారు నీళ్లలో మునిగుంటేనే దానికి వేడి సరిగా తెలిసేది. నీళ్లన్నీ కారిపోతే అది గాలిలో మిగిలిపోయి, ఇంజన్ మాడిపోతున్నా ముల్లు కిందికి దిగొచ్చు! అంచేత పెరగడమే కాదు, కారణం లేకుండా పడిపోవడమూ కబురే. అప్పుడు కారాపి చల్లారనివ్వాలి. వేడిమీద రేడియేటర్ మూత తియ్యకూడదు. అది మన కుక్కర్ మూతకి చెల్లెలే, లోపల ప్రెషరుంటుంది.

ముల్లు లేకుండా కాలక్షేపం చేసిన రోజులూ ఉన్నాయి. 1950ల నాటి బీటిల్ కారుకి పెట్రోలు మీటరే లేదు. ఇంజన్ దగ్గితే కాలి దగ్గరి మీట తిప్పి రిజర్వుకి మార్చుకోవడమే. మన పాత స్కూటర్లదీ అదే తంతు. బీటిల్‌కి విడిగా పెట్రోలు మీటర్లు చేసి అమ్మినవాళ్లూ ఉన్నారు. ముందుగా తెలుసుకోవాలన్న కోరిక అంత పాతది మరి.

విచిత్రమేమిటంటే, కొత్త కార్లు చాలావాటిలో ఈ ముల్లు తీసేసి నీలం దీపం, ఎర్ర దీపం పెట్టారు. ముల్లున్నవాటిలో కూడా కొన్నిట్లో వేడి కొంచెం అటూఇటూ అయినా అది మధ్యనుంచి కదలకుండా చేశారు. చూసేవాళ్లు కంగారుపడతారట!

ఈ మాట మనకి కొత్త కాదు. ఇంట్లో అప్పయినా, పుట్టింట్లో జబ్బయినా, అంతా ముదిరాక చెప్పి, “నువ్వు కంగారుపడతావని దాచాం” అంటారు. ముందే చెప్తే కంగారుతోపాటు ఏదో ఒక ఉపాయమూ ఆలోచించేవాళ్లం కదండీ!