మే నెల నీళ్లు తెచ్చి చూడాలి

కర్మాగారం వదిలే నీటికి మన చట్టంలో ఒక గట్టి పరీక్ష ఉంది. మంచినీళ్లు ఏమీ కలపకుండా ఆ నీటిలోనే చేపల్ని వదిలితే 96 గంటల తర్వాత నూటికి తొంభై బతికి ఉండాలి. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ నియమాల్లోని షరతు ఇది. నీటి విషపరీక్షలే పనిగా పెట్టుకున్న నాకు దీనిమీద గౌరవం ఉంది. యంత్రం ఒక్కో రసాయనాన్ని విడిగా కొలుస్తుంది. చేప అన్నిటినీ కలిపి ఒంటి మీద మోస్తుంది.

కానీ ఏ చేప? ఏ వాగు నీళ్లు? ఏ నెలలో?

కొర్రమట్టనే తీసుకోండి. నీటిలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి పీలుస్తుంది. బొచ్చె, రవ్వ చచ్చి తేలే నీటిలోనూ అది బతుకుతుంది. అది బతికిందని కాగితం మీద రాస్తే గోదావరి బాగుందని కాదు. అమెరికా నీటి ప్రమాణాల లెక్కలో చల్లని నీటి ట్రౌట్ చేప ఉంటుంది. రామగుండం ఎండలకు అది ఎక్కడ బతుకుతుంది? అక్కడి పర్యావరణ సంస్థే ఇందుకు రెండు దారులు చూపింది. ఆ చోట లేని జీవుల్ని తీసేసి లెక్క మళ్లీ కట్టడం ఒకటి. రెండోది నాకు ఇష్టమైనది: ఒకే జాతి జీవుల్ని ప్రయోగశాలలో లవణాలు కలిపి చేసిన నీటిలో, ఆ నది నీటిలో వేరువేరుగా పెడతారు. సగం చావడానికి ఎందులో ఎంత రసాయనం పట్టిందో చూసి నిష్పత్తి తీస్తారు. సున్నం పాళ్లు ఎక్కువున్న నీటిలో రాగి, జింకుల విషం తగ్గుతుంది కాబట్టి ఈ నిష్పత్తి కొన్నిచోట్ల హద్దును సడలిస్తుంది కూడా. సడలించే ముందు ఒక్క సీసా నీళ్లను నమ్మకూడదు.

అమోనియా సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. నీటి పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే చేపను చంపే రూపంలోని అమోనియా వాటా సుమారు పదింతలవుతుంది. వేడి దాన్ని ఇంకా పెంచుతుంది. మే నెలలో మానేరు మడుగులుగా మిగిలి, పాచి పట్టి, మధ్యాహ్నానికి పీహెచ్ ఎక్కుతుంది. ఊళ్ల మురుగు ఆగదు. ఆగస్టు వరదలో తెచ్చిన నమూనాకు ఈ నీళ్ల గురించి ఏమీ తెలియదు. కాగజ్‌నగర్ పక్కగా పారి ప్రాణహితలో కలిసే పెద్దవాగుదీ ఇదే కథ. వాగు సన్నబడినప్పుడు వచ్చిపడే మురుగునీటిని పలచన చేసేదేమీ ఉండదు. గోదావరికి సరిపోయే హద్దు ఆ వాగుకు సరిపోదు.

పరీక్ష తొట్టి పని ఓపికతో చేసేది. చేపపిల్లల్ని ముందు అలవాటు చెయ్యాలి, పరీక్షకు ముందు మేత ఆపాలి, పక్కనే మంచినీటి తొట్టి ఒకటి ఉంచాలి. ఆ మంచినీటిలోనే పదింట ఒకటి కంటే ఎక్కువ చస్తే పరీక్ష మొత్తం పారేసి మొదటికి రావాలి. ఇంత చేసినా నాలుగు రోజుల పరీక్ష చావును మాత్రమే చెబుతుంది. బతికిన చేప గుడ్లు పెడుతుందో లేదో చెప్పదు. డాఫ్నియా అనే ఆవగింజంత నీటిజీవిని 21 రోజులు సాకి, ఎన్ని పిల్లల్ని పెట్టిందో లెక్కపెడితే అది కొంత తెలుస్తుంది. చేపపిల్లలు తినేది అలాంటి చిన్న జీవుల్నే.

కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ కళాశాలల్లో జంతుశాస్త్రం చెప్పేవాళ్లకు, చదివేవాళ్లకు నా విన్నపం. వచ్చే మేలో మీ ఊరి వాగు నీళ్లు తెచ్చి బొచ్చె పిల్లల మీద, డాఫ్నియా మీద పరీక్ష పెట్టండి. ఫలితాన్ని కాలుష్య నియంత్రణ మండలికి పంపండి. వల వేసే గంగపుత్రులకు కూడా తెలుగులో రాసివ్వండి.