చార్మినార్ ముందు కదిలినవాళ్లు

నలుపు తెలుపుల్లో హైదరాబాద్ అనగానే రాజా దీన్‌దయాళ్ గుర్తొస్తాడు. మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టిన జైనుడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనకిచ్చిన ఖితాబు ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే ఉర్దూలో బొమ్మలు గీసేవాడు.

ఆయన తీసిన చార్మినార్‌లో కట్టడం ప్రతి గీతా తేటగా ఉంటుంది. ఆనాటి గాజు ప్లేట్లతో తిప్పలేమిటంటే, నిలబడ్డవాడు ముద్రపడేవాడు, పనిమీద నడిచిపోయేవాడు మసకయ్యేవాడు. తప్పు ప్లేటుది. 1925లో లైకా బజారుకొచ్చాక ఆ సాకు పోయింది. చూపు మాత్రం అక్కడే ఆగింది.

ఇప్పటికీ పాతబస్తీ ఫోటో అంటే అవే. కమాను కింద బుర్ఖా, ఇరానీ హోటల్ పొగ, పావురాలు, తెల్లగడ్డం తాత. నాకూ ఇష్టమే, ఎందుకు దాచాలి? కాని రంగు చేతిలో ఉండగా రంగు తీసెయ్యడం దేనికి? లాడ్‌బజార్ గాజుల్లో రంగు తీసేస్తే మిగిలేది పాతదనమే. గాజులమ్మే మనిషి ఎదురుగా బేరమాడుతూనే నిన్నటివాడైపోతాడు. మా ఇళ్లల్లో ఫోటోలకు దండలు వెయ్యరు. ఆ పని వీళ్లు చేస్తున్నారు.

ఇంకో మాట. 1892లో దీన్‌దయాళ్ పరదా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచి ఒక ఇంగ్లీషు ఆమెకు అప్పజెప్పాడు. అక్కడికి ఆడవాళ్లు తమ ఇష్టంతో వచ్చి కూర్చున్నారు. నేటి వీధి ఫోటోలోని బుర్ఖాను ఎవరడిగారు?

మాది సంగారెడ్డి. నగరం అంటే మాకు ముందు తగిలేది పటాన్‌చెరు. అక్కడ షిఫ్టు మారే వేళ ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడండి. వెల్డరు, లారీ క్లీనరు, పంక్చర్ షాపు పిల్లగాడు, నక్కవాగు పాడై సేద్యం వదిలి కూలికొచ్చిన రైతు. వీళ్లలో ముసల్మాన్ ఎవరో చెప్పండి చూద్దాం. టోపీ లేదు, వెనక మినార్ లేదు. బొగ్గుమసి, ఎండ, పొగగొట్టాలు, నలుపు తెలుపుకు ఇంతకన్నా ఏం కావాలి? అయినా కెమెరా ఇక్కడ దిగదు, చార్మినార్‌కే పోతుంది.

వీళ్లకు దక్కిన నలుపు తెలుపు ఒక్కటే: కాంట్రాక్టరు అడిగిన పాస్‌పోర్టు సైజు. మెడ నిటారుగా, చెవులు కనబడాలె, హిల్నా నహీఁ. మా మామూ అలాగే కూర్చుని తీయించుకున్నాడు. ఒక కాపీలో కదిలాడు. స్టూడియోవాడు ఖరాబైందని అది ఉత్తగనే ఇచ్చేశాడు. మామూ మనిషి మనిషిలా ఉన్నది అందులోనే. ముమానీ దాన్నే పెట్టెలో దాచుకుంది.